లక్షమంది అరిస్తే కుర్రాడు ఆ కాలేజీ ఎంచుకుంటాడా?

అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆడే బీవర్ స్టేడియంలో లక్షమందికి పైగా పడతారు. ఏడాదికోసారి 'వైట్ అవుట్' అని చెప్పి అందరూ తెల్లబట్టలేసుకొస్తారు. రాత్రి లైట్ల కింద స్టేడియమంతా పత్తిచేను విరగబూసినట్టుంటుంది. (ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు, కోలబంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట.)

హైస్కూల్లో బాగా ఆడే కుర్రాళ్లను కోచ్‌లు సరిగ్గా ఇలాంటి రోజునే పిలుస్తారు. 'అధికారిక సందర్శన' అయితే దారిఖర్చు, భోజనం కాలేజీవే. ఆటకు ముందు మైదానం అంచున నిలబెడతారు. చెవులు గింగురుమంటాయి. పదిహేడేళ్లవాడికి అప్పుడు కలిగే ఊహ ఒక్కటే: ఈ కేకలు నాకోసమైతే?

గోలకు ఆటలోనూ పనుంది. బంతి ఎప్పుడు కదలాలో అవతలి జట్టు నాయకుడు అరిచి చెప్పేది వాళ్లవాళ్లకే వినపడదు. ఎవరో తొందరపడి కదులుతారు, అయిదు గజాలు వెనక్కి! జనమే ఆటగాడవడం కుర్రాడు కళ్లారా చూస్తాడు.

అయినా గోల ఒక్కటే చాలదు. జట్టులో చోటు దొరుకుతుందా, కోచ్ ఎలాంటివాడు, తన పేరు మీద ఎంత సంపాదించుకోవచ్చు (2021 నుంచి కాలేజీ ఆటగాళ్లకు ఆ వీలుంది) అన్నవీ చూసుకుంటాడు. నన్నడిగితే, అమ్మ మాటా గట్టిదే.