ద్వీపాంతర విహారం

'ద్వీపాంతరం' అన్న మాట వింటే మన తాతల తరంవారికి ఒళ్ళు జలదరించేది. యావజ్జీవ శిక్ష పడ్డవాణ్ణి ఓడ ఎక్కించి అండమానుకు పంపితే, ఇంటివాళ్ళు ఆ మనిషి మీద ఆశ వదులుకొనేవారు. 1857 తిరుగుబాటు తరువాత మరుసటి సంవత్సరమే అక్కడికి ఖైదీలను తోలడం మొదలయింది. 1906 నాటికి సెల్యులర్ జైలు కట్టడం పూర్తయింది. రంప పితూరీలో పట్టుబడిన మన మన్యం వీరులు కొందరు కూడా ఆ నీళ్ళు తాగినవారే. అటువంటి చోటికి ఇవాళ మనం సొంత డబ్బు ఖర్చు పెట్టుకొని, పెళ్ళాం బిడ్డలను వెంటబెట్టుకొని షికారుకు పోతున్నాం. కాలమహిమ అంటే ఇదే కాబోలు!

పాఠం చెప్పే అలవాటు పోదు గనుక ఒక్క మాట. ద్వీపమంటే 'రెండు వైపులా నీరు గలది' అని వ్యుత్పత్తి. అండమాను దీవులకు నాలుగు వైపులా నీరే గాక, అడుగున నిప్పు కూడా ఉన్నది. మన దేశంలో ఇప్పటికీ రగిలే అగ్నిపర్వతం బారెన్ దీవి ఒక్కటే. నూటయాభై ఏళ్ళకు పైగా నిద్రపోయి, 1991లో మళ్ళీ లేచింది. దాని మీద కాలు పెట్టనివ్వరు. అనుమతి పొందిన ఓడలో నుంచే చూడవలసింది. ఇంకా ఉత్తరాన ఉన్న నార్కొండం దీవిలో ఒక వింత పక్షి ఉన్నది. పెద్ద ముక్కు గల ఈ హార్న్‌బిల్ పక్షి జాతి ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క దీవిలోనే కాపురముంటుంది. ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, సన్నని సందు మాత్రం విడిచి వాకిలి మూసుకుంటే, పిల్లలు ఎదిగేదాకా మగపక్షి బయటినుంచి పండ్లు తెచ్చి అందిస్తుంది. పురిటింటికి ఇంతకన్న శ్రద్ధగా కాపు కాసే అల్లుడు మన ఇళ్ళలో ఎక్కడున్నాడు!

అండమాను నికోబార్లలో దీవులు ఐదువందల డెబ్బైకి పైమాటే. మనుషులు కాపురమున్నవి నలభైకి లోపే. మామూలు ప్రయాణికుల స్టీమర్లు వాటిలో కొన్నింటికే పోతాయి. తక్కిన తీరాలను చూడాలంటే సొంతంగా గాలి, నీరు కనిపెట్టుకొని పోయే చిన్న ఓడ కావాలి. కిందటి సంక్రాంతి సెలవుల్లో మేము ఏడుగురం కలిసి అటువంటి తెరచాప యాట్ ఒకటి మూడు రోజులకు అద్దెకు తీసుకొన్నాం. నాలుగు పడకలు, వంటకు మూరెడు చోటు, వెనుక చుక్కాని. కెప్టెను నౌకాదళంలో పనిచేసి రిటైరైన మలయాళీ. మా ఆవిడ పులిహోర, గోంగూర పచ్చడి కట్టుకొచ్చింది. మొదటి పూట సముద్రం మా కడుపులను తిప్పడం వల్ల వాటి జోలికి ఎవరూ పోలేదు. రెండో రోజున మాత్రం కెప్టెనే గోంగూర జాడీ ఖాళీ చేశాడు.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురమని పేరు మారింది. అక్కడినుంచి ఈశాన్యంగా నలభై కిలోమీటర్లు పోతే స్వరాజ్ ద్వీపం. మనకు అలవాటైన పేరు హేవ్‌లాక్, 2018లో మారింది. మోటారు ఆపి తెరచాప ఎత్తగానే ఓడ ఒక పక్కకు ఒరిగి, చప్పుడు లేకుండా జారిపోసాగింది. కాసేపటికి డాల్ఫిన్లు వచ్చి ఓడ ముక్కు ముందర ఈదుతూ మాతో పందెం వేసుకొన్నవి. తెల్లపొట్ట సముద్రపు గద్ద ఒకటి మా తల మీదుగా పోయి, నీటిలో గోళ్ళు ముంచి చేపతో లేచింది. అక్కడ సాయంత్రం అయిదు దాటగానే చీకటి పడుతుంది. రాత్రి నీటిలో చెయ్యి కదిపితే వేళ్ళ చుట్టూ నీలపు మిణుగురులు. కంటికి ఆనని సూక్ష్మజీవులు కదలికకు మెరవడం వల్ల ఆ వెలుగు.

మర్నాడు ఉదయం ఓడ నిలిపే ముందు కెప్టెను చాలాసేపు నీటిలోకి తొంగి చూశాడు. ఎందుకని అడిగాను. "లంగరు పగడాల మీద పడితే పడ్డచోటు ఒక్కటే కాదు, పోతుంది. గాలి మారినప్పుడల్లా గొలుసు అటూ ఇటూ తిరిగి చుట్టూ ఉన్నదంతా రోట్లో వేసినట్లు నూరేస్తుంది" అన్నాడు. చివరికి ఇసుక మేట దొరికాకనే లంగరు దింపాడు.

మునకలు నేర్పే కుర్రవాడు చిన్న పడవలో వచ్చి "నమస్కారం మాస్టారూ!" అన్నాడు తెలుగులో. వాళ్ళ తాత శ్రీకాకుళం జిల్లా సముద్రతీరం నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. ఆశ్చర్యమేమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగు మాట్లాడేవారే.

నీటిలోకి దిగేముందు అతను చెప్పిన మొదటి నియమం నన్ను చకితుణ్ణి చేసింది. "ఊపిరి బిగబట్టకండి మాస్టారూ. పైకి వచ్చేటప్పుడు అసలు వద్దు." ప్రాణాయామంలో కుంభకమే ఘనమని విన్నవాణ్ణి! కారణం సులభం. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. ఆ లోతున పీల్చిన గాలి, పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది. బిగబట్టితే ఊపిరితిత్తులు చిరిగిపోగలవు. రెండవ నియమం, మునక వేసిన తరువాత కనీసం పద్దెనిమిది గంటలు విమానమెక్కరాదు. రక్తంలో కరిగిన నత్రజని బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది.

అడుగున మొట్టమొదట గమనించింది రంగుల సంగతి. ఎరుపు అన్నిటికన్న ముందు మాయమవుతుంది. మా అమ్మాయి జడకు కట్టిన ఎర్ర రిబ్బను లోతుకు పోయేసరికి మట్టిరంగుకు తిరిగింది. పగడమంటే ఎర్రగానే ఉంటుందనుకొంటాం గదా! మన ఆడవాళ్ళు సూత్రాలలో గుచ్చుకొనే ఎర్రపగడం వేరు. అది మధ్యధరా సముద్రానికి ప్రసిద్ధి. ఇక్కడివి సున్నపురాతి మేడలు కట్టే పగడాలు, జింక కొమ్ముల్లా, తామరాకుల్లా, గుండ్రాళ్ళలా. అవి రాళ్ళు కావు, చెట్లు కావు, ప్రాణులు. వాటి ఒంట్లో నాచుజాతి సూక్ష్మజీవులు కాపురముంటాయి. ఎండను తిండిగా మార్చి ఇల్లుగలవారికి అద్దె చెల్లించేవి అవే, రంగు పూసేవీ అవే. చిలుకచేపలు పగడాన్ని కటకట కొరికి, పిండి చేసి విసర్జిస్తాయి. మనం మురిసిపోయే ఆ తెల్లని ఇసుకలో చాలా భాగం వాటి చలవే!

కొంత దూరం పోయాక రంగు పోయింది. విరిగిన కొమ్మలు, బూడిద పట్టిన గుట్టలు. పైకి వచ్చాక మా అమ్మాయి, "ఇది మళ్ళీ బతుకుతుందా అన్నా?" అని అడిగింది.

కుర్రవాడు కాస్త ఆలోచించి చెప్పాడు. "2010లో నీళ్ళు వేడెక్కినాయమ్మా. మామూలు ఎండాకాలం కంటె ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే నిలిస్తే చాలు, పగడం లోపలి నాచును బయటికి నెట్టేస్తుంది. తెల్లగా పాలిపోతుంది. చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చచ్చిపోతుంది. ఇక్కడ కొన్ని కోలుకున్నాయి. వేడి ఆపడం నా చేతిలో లేదు. మీరు దాని మీద కాలు పెట్టకుండా చూడడం నా చేతిలో ఉంది. మా తాతకు చేప అన్నం పెట్టింది, నాకు ఈ పగడం పెడుతోంది. ఇది పోతే నాకింకో పని రాదు."

ఆ మాట నా మనసులో నాటుకొంది. 2004 డిసెంబరు 26 భూకంపం నాడు ఉత్తర అండమానులో కొన్ని తీరాలు మీటరు మేర పైకి లేచి, పగడాలు ఎండలో మాడి చచ్చినవి. దక్షిణాన ఇందిరా పాయింటు నేల కుంగి దీపస్తంభం నీటిలో నిలిచింది. ప్రకృతి చేసేది ప్రకృతి చేస్తుంది. ఆటు సమయంలో తేలిన పగడాల మీద చెప్పులతో నడిచి ఫోటోలు తీయించుకొనేవారు మాత్రం మనవారే.

వెళ్ళదలచినవారికి నాలుగు ముక్కలు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. నైరుతి రుతుపవనాల్లో తెరచాప ఓడ తలపెట్టవద్దు. ఆదివాసుల దీవుల దాపులకు పోవడం 1956 నాటి రెగ్యులేషన్ కింద నేరం. సెంటినెల్ దీవి వారిని వారి మానాన ఉండనివ్వండి. మొసళ్ళున్నవని బోర్డు పెట్టినచోట ఈతకు దిగవద్దు. ఒడ్డున దొరికిన పగడపు ముక్కను సంచిలో వేసుకోవద్దు. మేడలు కట్టే పగడాలకు 2001 నుంచి చట్టం పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో ఒక పిల్లవాడి సంచిలోనుంచి తెల్లని ముక్కలు తీసి పక్కన పెట్టించారు. వాడు ఏడ్చాడు, తల్లి చిన్నబోయింది.

కొమ్మల పగడం ఏడాదికి జానెడులోపు పెరుగుతుంది. గుండ్రాతి పగడం వేలి మందమైనా పెరగదు. మేము చూసిన గుండు ఒకటి మనిషెత్తు ఉన్నది. లెక్క వేస్తే, ఆ తీరానికి మొదటి ఖైదీల ఓడ రాకముందే అది పుట్టి ఉండాలి. జైలు కట్టినవారు పోయారు, ఖైదీలూ పోయారు. అది ఇంకా పెరుగుతూనే ఉన్నది.