చార్మినారుకు సున్నమే మందు

పెళ్ళికి గాజులు కొనాలన్నా, ముత్యాలు చూడాలన్నా హైదరాబాదు వెళ్ళినవారు చార్మినారు దగ్గరికి పోక మానరు. లాడ్ బజారులో బేరమాడుతూ ఒక్కసారి తలెత్తి, "అబ్బ, ఎంత ఎత్తు!" అనుకుని, మళ్ళీ గాజులలో పడిపోతాము. ఆ మీనారులకూ వయస్సు మీద పడిందనీ, వాటికీ వైద్యం కావాలనీ మనకు తోచదు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా తన కొత్త నగరానికి నడిబొడ్డున దీనిని కట్టించాడు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. వాటి ఎదుట నాలుగు రాజమార్గాలు. ఒక్కొక్క ప్రక్క సుమారు 20 మీటర్లు. మీనారులో మెలికలు తిరుగుతూ పోయే మెట్లు 149. పై అంతస్తులో మసీదు. గడియారాలు మాత్రం తరువాతివి, 1889లో అమర్చారు. కట్టడానికి ఎముకలు రాయీ సున్నమూ అయితే, చర్మం సున్నపు గచ్చు. పైన కనిపించే పూలూ లతలూ అన్నీ ఆ గచ్చులో తీర్చినవే.

జబ్బు ఆ చర్మానికే వచ్చింది. 2019 మే నెల మొదట్లో మక్కా మసీదు వైపున్న మీనారునుంచి పెద్ద గచ్చు పెళ్ళ ఊడి కింద పడింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు. కేంద్ర పురావస్తు శాఖవారు పరంజాలు కట్టి మరమ్మతుకు పూనుకున్నారు.

"దీనికింత హడావుడి దేనికి? రెండు బస్తాల సిమెంటు పూస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. అక్కడే వుంది చిక్కు. సున్నపు గోడ వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మకు దారి మూసుకుపోతుంది. లోపలి ఉప్పు పేరుకుని గచ్చును ఉబ్బిస్తుంది. గట్టి సిమెంటు పక్కనున్న మెత్తని పాత సున్నాన్ని చీల్చుకుని, ఊడేటప్పుడు దానిని కూడా వెంటబెట్టుకుని పోతుంది. అంటే, మందే రోగమవుతుందన్నమాట!

అందుకే పాత పద్ధతే శరణ్యం. కాల్చిన సున్నాన్ని నీళ్ళలో రోజుల తరబడి నానవేయాలి. ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా రుబ్బాలి. బెల్లం, మారేడు గుజ్జు, కోడిగుడ్డు తెల్లసొన వంటివి పట్టు కోసం చేర్చడం మన మేస్త్రీలకు తరతరాలుగా తెలిసిన విద్య. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా రాయిగా మారుతుంది. తొందరపెడితే పగుళ్ళు ఖాయం.

గచ్చు వేసినంతమాత్రాన పని తీరదు. పగుళ్ళలో నీరు నిలవకూడదు. రావి మొలకలు వేరూనకూడదు. బళ్ళ అదురూ, పొగా తగ్గాలి. కట్టడం చుట్టూ వాహనాలను కట్టడిచేసి, నడిచేవారికి రాతిబాట పరిచింది ఇందుకే. దానివల్ల దుకాణాలకు సరుకు చేర్చుకోవడం కష్టమయ్యే మాట నిజమే. కానీ మీనారు నిలబడితేనే గదా, ఆ బజారుకు జనం వచ్చేది!

మీ ఊళ్ళో తాతలనాటి మండువా యిల్లుంటే, గోడ పెచ్చులూడినప్పుడు మేస్త్రీని పిలిచి సిమెంటు కలపమనేముందు, అది ఏ సున్నంతో కట్టినదో ఒక్కసారి గీరి చూడమనండి. చార్మినారుకు పనికివచ్చిన మందే మీ గోడకూ పనికివస్తుంది.