సినిమా ఫిలింతో ఫొటోలు.. కడిగేటప్పుడు జాగ్రత్త

సినిమా చిత్రీకరణకు వాడే ఫిలింను స్టిల్ కెమెరాలోనూ వాడవచ్చు. రెండింటి వెడల్పూ 35 మిల్లీమీటర్లే. 1925లో జర్మనీలో విపణిలోకి వచ్చిన లైకా కెమెరాను ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిలిం కోసమే రూపొందించారు. 400 అడుగుల రీలును చీకటిగదిలో కత్తిరించి చుట్టుకుంటే 36 ఫొటోల రోళ్లు సుమారు 70 వస్తాయి.

చిక్కంతా ఫిలిం కడగడంలోనే ఉంది. కొడాక్ సినిమా కలర్ నెగెటివ్‌కు వెనుకవైపు ‘రెమ్‌జెట్’ అనే నల్లని కార్బన్ పూత ఉండేది. వెలుతురు వెనుక నుంచి పరావర్తనం చెందకుండా, గీతలు పడకుండా అది ఫిలింను కాపాడుతుంది. ఆ పూతను తొలగించకుండా ఫొటో ల్యాబ్ యంత్రంలో వేస్తే అది ఊడి రసాయనాల్లో కలుస్తుంది. అదే యంత్రంలో కడిగే ఇతరుల ఫిలింలు, తిరిగి తీయడానికి వీల్లేని పెళ్లి ఫొటోలు సైతం పాడవుతాయి.

రెమ్‌జెట్ లేని ఫిలింను కొడాక్ 2025లో ప్రవేశపెట్టింది. అయితే పాత నిల్వల్లోని ఫిలింకు ఆ పూత ఉంటుంది. పైగా సినిమా ఫిలింకు నిర్దేశించిన ప్రక్రియ ఈసీఎన్-2 కాగా, ఫొటో ల్యాబ్‌లలో సాధారణంగా ఉండేది సీ-41. అందువల్ల రోలు ఇచ్చే ముందే అది సినిమా ఫిలిం అని ల్యాబ్ నిర్వాహకులకు తెలపడం తప్పనిసరి.