గుండె బొమ్మ తీసే ఉద్యోగం

ఒక తల్లి కూతుర్ని తీసుకుని పెద్దాసుపత్రికి వచ్చింది. పాపకు 12 ఏళ్ళు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. బడి మెట్లు ఎక్కలేదు. ఊళ్ళో నర్సమ్మ చూసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపింది. అక్కడి డాక్టరు గొట్టం పెట్టి విన్నారు. గుండె చప్పుడులో తేడా ఉందన్నారు. "ఎకో పరీక్ష చేయించండి" అని చీటీ రాశారు.

ఎకో గది ముందు తల్లి భయంగా కూర్చుంది. లోపల ఏం చేస్తారో! కరెంటు పెడతారా? సూదులు గుచ్చుతారా?

తలుపు తీసి ఒక అమ్మాయి పాప పేరు పిలిచింది. తెల్ల కోటు వేసుకుని ఉంది. ఆమె డాక్టరు కాదు, నర్సూ కాదు. ఆమె ఎకో టెక్నీషియన్.

"భయపడకండమ్మా. సూది లేదు, కోత లేదు. కడుపులో బిడ్డను చూసే స్కానింగు లాంటిదే ఇది. మీరూ లోపలికి రండి" అంది.

ఎకో అంటే ఏమిటి?

బావిలోకి వంగి కేక వేస్తే ఏమవుతుంది? మన కేక మనకే తిరిగి వినపడుతుంది. దాన్ని ప్రతిధ్వని అంటారు. ఇంగ్లీషులో ఎకో అంటారు.

ఈ పరీక్ష కూడా అలాంటిదే. చేతిలో ఇమిడే పరికరం ఒకటి ఉంటుంది. దాని పేరు ప్రోబు. దానిలోంచి శబ్దం గుండె మీదికి పోతుంది. గుండెకు తగిలి వెనక్కు వస్తుంది. తిరిగి వచ్చిన శబ్దాన్ని బట్టి యంత్రం తెర మీద బొమ్మ గీస్తుంది. ఆ శబ్దం మనకు వినపడదు. సెకనుకు 20 వేల కంపనాలు దాటితే మనిషి చెవికి అందదు. ఈ శబ్దం సెకనుకు లక్షల సార్లు కంపిస్తుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. అందుకే గర్భిణులకు కూడా చేస్తారు.

1953లో స్వీడన్ దేశంలో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త మొదటిసారి ఇలా గుండెను పరీక్షించారు. లోహంలో పగుళ్ళు వెతికే యంత్రాన్ని అరువు తెచ్చుకుని ఈ పని చేశారు.

టెక్నీషియన్ ఏం చేస్తుంది?

ముందు ఆమె తలుపు వేసింది. తెర లాగింది. పాపను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఒంటి మీద దుప్పటి కప్పింది. ఎంత అవసరమో అంతే తొలగించింది. గుండె కొట్టుకోవడం లెక్క తెలియడానికి మూడు చోట్ల చిన్న బిళ్ళలు అంటించింది. తర్వాత ఛాతీ మీద చల్లని జిగురు లాంటి మందు రాసింది. చర్మానికీ ప్రోబుకీ మధ్య గాలి ఉంటే శబ్దం లోపలికి పోదు. అందుకే ఆ జిగురు.

అసలు పనితనం ఇక్కడే ఉంది. పక్కటెముకలు శబ్దాన్ని అడ్డుకుంటాయి. ఊపిరితిత్తుల్లోని గాలి కూడా అడ్డుకుంటుంది. టెక్నీషియన్ ఎముకల మధ్య సందు వెతకాలి. చెయ్యి కొంచెం జరిగినా బొమ్మ పోతుంది. "ఊపిరి బిగపట్టు పాపా... ఇప్పుడు వదులు" అంటూ ఆమె మణికట్టు మెల్లగా తిప్పింది. తెర మీద గుండె కనపడింది.

మన గుండె మన పిడికిలంత ఉంటుంది. అందులో నాలుగు గదులు ఉంటాయి. నాలుగు తలుపులు ఉంటాయి. వీటినే వాల్వులు అంటారు. అవి ఒక వైపుకే తెరుచుకుంటాయి. గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ ఆ తలుపులు తెరుచుకుని మూసుకోవాలి. టెక్నీషియన్ గదుల కొలతలు తీస్తుంది. గోడల మందం కొలుస్తుంది. తలుపులు సరిగా తెరుచుకుంటున్నాయో లేదో చూస్తుంది.

తెర మీద ఎరుపు, నీలం రంగులు మెరిశాయి. "నీలం అంటే చెడు రక్తమా మేడమ్?" అని తల్లి అడిగింది. "కాదమ్మా. ప్రోబు వైపుకు వచ్చే రక్తం ఎర్రగా చూపిస్తుంది. దూరంగా పోయేది నీలంగా చూపిస్తుంది. అంతే" అంది టెక్నీషియన్.

కాసేపటికి ఆమె మాట్లాడడం మానేసింది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ కొలిచింది. "ఏముంది మేడమ్?" అని తల్లి అడిగింది. "డాక్టరు గారు చూసి చెబుతారమ్మా" అంది. ఇది విసుగు కాదు, దాపరికం కాదు. బొమ్మలు తీయడం, కొలవడం ఆమె పని. జబ్బు ఏదో తేల్చేది డాక్టరు. సగం చూసి ఒక మాట అంటే తల్లి గుండె పగులుతుంది. ఆ మాట తప్పు కూడా కావచ్చు.

కాగితం చేతికి వచ్చింది. తల్లి కొత్తగా చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని పాప పేరు చదివింది. వయసు దగ్గర ఆగింది. 12 కి బదులు 21 అని పడింది. "మేడమ్, ఇది తప్పు" అంది. టెక్నీషియన్ వెంటనే దిద్దింది. "మంచి పని చేశారమ్మా. పిల్లల గుండె కొలతలను వయసు, ఎత్తు, బరువు బట్టి చూస్తారు. అంకె తారుమారైతే లెక్క మారిపోతుంది" అంది.

పాపకు ఏమయింది?

రెండేళ్ళ కింద పాపకు గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. తర్వాత మోకాళ్ళు, మోచేతులు ఒకదాని తర్వాత ఒకటి వాచాయి. ఎదిగే పిల్ల నొప్పులే అనుకున్నారు. అది కీళ్ళవాతపు జ్వరం. అది కీళ్ళను వదిలి పోతుంది. కానీ గుండె తలుపులను పాడు చేస్తుంది. పాప గుండెలో ఒక తలుపు మందమై సరిగా తెరుచుకోవడం లేదు.

డాక్టరు మందులు రాశారు. మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించాలన్నారు. ఏళ్ళ తరబడి వేయించాలి. మానితే జ్వరం మళ్ళీ రావచ్చు. వస్తే తలుపు ఇంకా చెడుతుంది. జబ్బు ముదిరితే ఆపరేషన్ కావాలి. గర్భం వచ్చాక గుండెకు పని పెరుగుతుంది. అందుకే కొందరు ఆడవాళ్ళకు ఈ జబ్బు అప్పుడే బయటపడుతుంది.

ఈ పని ఎవరు నేర్చుకోవచ్చు?

ఇంటర్‌లో సైన్సు చదివిన వాళ్ళు డిప్లొమా గానీ డిగ్రీ గానీ చేయవచ్చు. చేరే ముందు ఆ కాలేజీకి ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో అడగాలి. తర్వాత పెద్దల దగ్గర చేయి తిరిగేదాకా పని నేర్చుకోవాలి. కొన్నిచోట్ల ఈ పరీక్ష డాక్టర్లే చేస్తారు. పని తేలిక కాదు. గంటల తరబడి ప్రోబు నొక్కి పట్టుకుంటే భుజం, మణికట్టు నొప్పి పుడతాయి. అయినా ఆడపిల్లలకు ఇది మంచి ఉద్యోగం. ఆడ టెక్నీషియన్ ఉంటే పరీక్షకు వచ్చే ఆడవాళ్ళకు సిగ్గు, బెరుకు తగ్గుతాయి.

గుర్తుంచుకోండి

పిల్లలకు గొంతునొప్పి, జ్వరం తర్వాత కీళ్ళు వాస్తే డాక్టరుకు చూపించండి.

మామూలు ఎకో పరీక్షకు పస్తు ఉండనక్కర్లేదు. నొప్పి ఉండదు.

టెక్నీషియన్ మగవాడైతే, తోడుగా ఒక ఆడమనిషి ఉండాలని అడగండి. అడగడం తప్పు కాదు.

కాగితం మీద పేరు, వయసు, తేదీ మీరే చదవండి. పాత కాగితం పారెయ్యకండి. మళ్ళీ వెళ్ళినప్పుడు తీసుకెళ్ళండి. పాత కొలత పక్కన కొత్త కొలత పెడితేనే జబ్బు తగ్గిందో పెరిగిందో తెలుస్తుంది.