వైరస్‌కు తలుపు తీసేదెవరు?

2020 జూన్‌లో పలాసలో, కరోనా సోకి మరణించిన ఒక వృద్ధుడి దేహాన్ని జేసీబీ తొట్టిలో శ్మశానానికి తరలించారు. బాధ్యులైన అధికారులు సస్పెండయ్యారు. ఆ చర్య వెనుకనున్న భయం మాత్రం అలాగే ఉండిపోయింది. 'దాడి', 'యుద్ధం', 'కనిపించని శత్రువు' అంటూ మనం వాడిన భాషే ఆ భయాన్ని పెంచింది, రోగిని శత్రువు పక్షాన నిలబెట్టింది. అసలు జరిగేదేమిటో చూద్దాం.

వైరస్ తనంత తానుగా కదలలేదు, పెరగలేదు. కాస్త జన్యుపదార్థం, దానిచుట్టూ ప్రొటీన్ల తొడుగు, కొన్నింటికి ఆపైన కొవ్వుపొర. అంతే. బతికున్న కణంలో తప్ప దానికి సంతానం లేదు. శవంలో అది వృద్ధి చెందదు. కనుకనే, తగిన జాగ్రత్తలతో బంధువులకు కడసారి ముఖం చూపవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చిలోనే చెప్పింది.

మరి బతికున్న కణంలోకి ఎలా వస్తుంది? కణం పైపొర మీద గ్రాహకాలుంటాయి. హార్మోన్ల వంటి వాటిని గుర్తించి, లోపలికి సంకేతం పంపడం చాలా గ్రాహకాల పని. ఏవీ వైరస్ కోసం పుట్టినవి కావు. కరోనా వైరస్ అతుక్కునే ఏసీఈ-2 రక్తపోటు అదుపుకు తోడ్పడే ప్రొటీను. వైరస్ ముల్లు దాన్ని పట్టుకుంటుంది. మన కణాలదే అయిన ఒక ఎంజైము ఆ ముల్లును కోస్తుంది. అప్పుడు రెండు పొరలూ కలిసిపోయి జన్యుపదార్థం లోపలికి చేరుతుంది. ఫ్లూ వైరస్ కణం మీది సియాలిక్ ఆమ్లానికి అంటుకుని, కొన్ని సంకేత గ్రాహకాలను ఒకచోట చేరుస్తుంది. ఏదో సరుకు వచ్చిందన్న కబురు లోపలికి పోతుంది. కణమే దాన్ని మింగుతుంది!

నౌపడ ఉప్పు మళ్ళు ఎరిగినవారికి ఇది కొత్త కాదు. ఉప్పునీటికని తూము తీస్తే చెత్తా వస్తుంది. అలాగని తూము పూడ్చేస్తే ఉప్పు పండదు. చెత్తను తూము ముందే ఆపాలి.

హైదరాబాదులో బయొలాజికల్-ఇ తయారుచేసిన కార్బెవాక్స్ టీకా చేసేది అదే. గ్రాహకాన్ని పట్టుకునే ముల్లు భాగం మాత్రమే అందులో ఉంటుంది. దానిమీద శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు, అసలు వైరస్ వచ్చినప్పుడు ఆ భాగాన్ని కప్పివేస్తాయి. 2022 మార్చి 16 నుంచి 12–14 ఏళ్ల పిల్లలకు ఈ టీకా వేశారు. దీనికి మూలమైన పరిజ్ఞానాన్ని హ్యూస్టన్ శాస్త్రజ్ఞులు పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొటాజీ పేటెంటు లేకుండా ఇచ్చారు. విజ్ఞానం సొంత ఆస్తి కాకుండా పోతే ఎంతమందికి అందగలదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గ్రాహకానికి కులం లేదు, ఊరు లేదు. కాని వైరస్‌కు ఎవరు ఎంత దగ్గరగా నిలబడవలసి వస్తుందన్నది కణం నిర్ణయించేది కాదు. వేరావల్ రేవులో చిక్కుపడి, 2020లో బస్సుల్లో తిరిగొచ్చిన మన మత్స్యకారులను అక్కడికి పంపింది వలస బతుకు. కణం తలుపును గురించి శాస్త్రం చెబుతుంది. ఈ రెండో తలుపును గురించి మాట్లాడవలసింది సాహిత్యమే.