45 ఖాళీ గీతలు

మా హాల్లో టీవీ వెనకాల ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. లినక్స్ ఎక్కించి, కోడి అనే వీడియో ప్లేయర్ పెట్టుకుని సినిమాలకీ పాత క్రికెట్ మ్యాచ్‌లకీ వాడుతున్నాం. కెమెరా కదలనంతసేపు బొమ్మకి వంక పెట్టడానికి లేదు. ఫీల్డర్ వెంట కెమెరా పరుగు తీసిందంటే మాత్రం, స్టేడియంలో ఫ్లడ్‌లైట్ స్తంభం నడుం దగ్గర తెగేది. పై సగం ఒకచోట, కింది సగం రెండు వేళ్లు పక్కన. "టీవీ చిరిగిపోతోందిరా" అంది అమ్మ. ఇంజనీర్లు కూడా దాన్ని టేరింగ్ అనే అంటారనీ, అంటే చిరగడమేననీ ఆవిడకి తెలియదు.

ఈ చిరుగు సంగతి డబ్బా టీవీల కాలం నుంచి మొదలుపెట్టాలి. ఆ గాజు గొట్టంలో ఎలక్ట్రాన్ల కిరణం పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి కుడికి ఒక్కో గీతా గీసుకుంటూ కిందికి దిగేది. అడుగుకి చేరాక మళ్లీ పైకి పోవాలి. అయస్కాంతాలతో తిప్పే కిరణం టక్కున ఎగిరి పైన వాలలేదు, కాస్త వ్యవధి కావాలి. ఆ కాసేపూ కిరణాన్ని ఆర్పేసేవారు. దీన్నే వర్టికల్ బ్లాంకింగ్ అన్నారు. మన దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతిలో 625 గీతలుంటే బొమ్మకి దక్కేవి 576. మిగతావి దారి ఖర్చు.

టీవీ వాళ్లకి ఖర్చైన ఈ విరామం కంప్యూటర్ వాళ్లకి వరమైంది. 1977 నాటి అటారీ 2600 ఆటల పెట్టెలో మెమరీ మొత్తం 128 బైట్లు. బొమ్మని దాచుకునే చోటే లేదు. కిరణం గీత గీస్తుంటే ప్రోగ్రాము దానికి ఒకడుగు ముందు పరుగెత్తుతూ రంగులందించేది. బంతి ఎటు పోవాలి, స్కోరెంత అన్న లెక్కలకి తీరిక దొరికేది ప్రధానంగా కిరణం ఆరిన ఆ కాసేపట్లోనే.

మెమరీ చవకయ్యాక ఫ్రేమ్ బఫర్ మామూలైంది. తెర మీది బొమ్మంతా మెమరీలో ఒక పలక మీద రాసి ఉంటుంది. తెర దాన్ని పైనుంచి చదువుకుంటూ పోతుంది, ప్రోగ్రాము అదే పలక మీద కొత్త బొమ్మ రాస్తుంది. తెర సగం చదివేసరికి రాత మారిపోయిందా, పైన పాత బొమ్మ, కింద కొత్తది. చిరుగంటే ఇంతే. విరుగుడు కూడా అప్పట్నుంచీ తెలిసిందే. రెండు పలకలు పెట్టుకో, తెర ఒకదాన్ని చదువుతుంటే రెండోదాని మీద రాసుకో, విరామం రాగానే మార్చెయ్.

ఇప్పటి ఎల్‌సీడీలో కిరణమే లేదు. అయినా హెచ్‌డీఎంఐ తీగలో 1080 గీతల బొమ్మ వెళ్లేది 1125 గీతల లెక్కన. ఆ 45 ఖాళీ. ఖాళీ అన్నాను గానీ, శబ్దం ప్రయాణించేది ఇలాంటి బొమ్మలేని సందుల్లోనే. సెకనుకి 60 బొమ్మలైతే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు, అందులో ఈ 45 గీతల వాటా ఒక మిల్లీసెకనులో మూడింట రెండొంతులు. పలక మార్చుకోవడానికి అదే వేళ.

మరి లినక్స్ ఆ వేళని ఎందుకు జారవిడిచింది? దాని తెరని ఏళ్ల తరబడి నడిపింది ఎక్స్ విండో సిస్టమ్. 1984లో ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెట్టిస్ మొదలుపెట్టారు, 1987లో 11వ రూపం వచ్చింది. ప్రోగ్రాము ఒక మెషీన్లో, తెర ఇంకోచోట, మధ్యలో నెట్‌వర్క్. "ఇక్కడ గీత గియ్యి, అక్కడ అక్షరం వెయ్యి" అని ఉత్తరాలు రాయడమే దాని పద్ధతి. అవతల తెర ఏ గీత దగ్గరుందో ఉత్తరం రాసేవాడికి పట్టలేదు. నేను తప్పుపట్టను, వాళ్లు వేసింది అక్షరాలూ కిటికీలూ, సినిమాలు కాదు. ఆ తర్వాత అతుకులు పడ్డాయి. తెర వేళ చూసి బొమ్మ మార్చే 'ప్రెజెంట్' అనే అతుకు 2013లో గానీ రాలేదు, అది కీత్ ప్యాకర్డ్ చేతి పని.

అతుకులొద్దనుకున్న క్రిస్టియన్ హాగ్స్‌బర్గ్ 2008లో వేలాండ్ మొదలుపెట్టాడు. మసాచుసెట్స్‌లో ఆ పేరుగల ఊరి మీదుగా కారులో పోతుండగా ఆలోచన వచ్చిందట. ఇందులో ప్రోగ్రాము బొమ్మ మొత్తం పూర్తిచేశాకే అప్పగిస్తుంది. తమాషా ఏమిటంటే, వేళ కోసం ఆగే ఆ కాస్త ఆలస్యం కూడా ఓర్చుకోలేని వీడియో గేమ్ ఆటగాళ్ల కోసం 2022లో వేలాండ్‌కి చిరుగు అడిగి పుచ్చుకునే పద్ధతి చేర్చారు.

మా పెట్టెలో ఉన్నది ఎక్సే. ముందు అతితెలివికి పోయి, తెర వేళ చూసి బొమ్మ మార్చే సింక్ కోడిలో ఒకటి, డెస్క్‌టాప్‌లో ఇంకోటి పెట్టాను. ఒకే గేటుకి ఇద్దరు కాపలాదార్లు. చిరుగు తగ్గింది, బొమ్మ గెంతడం పట్టుకుంది. రెండోది తీసేసి, నాలుగైదు పంక్తుల ఫైలు రాసి గ్రాఫిక్స్ డ్రైవర్లోనే టేర్‌ఫ్రీ పెట్టాను. అప్పుడు డ్రైవరే అదనపు పలక ఉంచుకుని, వేళ చూసి మారుస్తుంది. పలక ఒక్కింటికి ఖర్చు సుమారు 8 ఎంబీ.

నల్లటి తెర మీద తెల్లటి నిలువు పట్టీ అటూ ఇటూ తిరిగే వీడియో పెట్టి, లైటార్పి కూర్చున్నాను. పది నిమిషాలైనా పట్టీ ఎక్కడా విరగలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, కాసేపు నిలబడి చూసి, "ఇదెంతసేపురా, మ్యాచ్ పెట్టు" అంది.