తపసి బంక: చెట్టు ఒకటే, ధర వేరు

పూర్వపు ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల అడవులలో గిరిజనులు సేకరిస్తూ వచ్చిన సరుకులలో తపసి బంకకు ఎగుమతి మార్కెట్టులో చిరకాలంగా పేరున్నది. వర్తకులు దీనినే గమ్ కరాయ అంటారు. ఇది నీటిలో పూర్తిగా కరగదు. నీటిని పీల్చుకొని అనేక రెట్లు ఉబ్బుతుంది. ఆ గుణం వల్లనే విరేచన మందులలో, కట్టుడు పళ్ళను పట్టి ఉంచే పొడులలో, ఐస్‌క్రీమ్ తయారీలో దీనిని వాడతారు. సెనెగల్ వంటి ఆఫ్రికా దేశాల నుంచి కూడా ఈ జాతి బంక వస్తున్నందున, కొనేవారు రకం చూసే ధర కడతారు.

రంగు, శుభ్రత, నీటిలో వచ్చే చిక్కదనం — రకాన్ని తేల్చేవి ఈ మూడు. తెల్లగా, బెరడు లేకుండా ఉన్న గడ్డ మేలు రకం. ఎర్రబారి, బెరడు, ఇసుక కలిసినది దిగువ రకం.

కేరళ రబ్బరు తోటలలో ఎంపిక చేసిన అంట్లు నాటి దిగుబడి పెంచుకున్నారు. 1980లో విడుదలైన ఆర్.ఆర్.ఐ.ఐ. 105 అటువంటిదే. తపసి అలా కాదు. రాతి గుట్టలపై తనంతట మొలిచే అడవి చెట్టు. చెట్టు రకాన్ని మార్చే వీలు గిరిజనునికి లేదు. అతని చేతిలో ఉన్నవి కాలం, గాటు, ఏరివేత, నిల్వ మాత్రమే.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు, వానలకు ముందు తీసిన బంక శ్రేష్ఠం. ఎండ ముదిరిన కొద్దీ దిగుబడి కూడా పెరుగుతుంది. వానల తరువాత తీసిన దానికి చిక్కదనం తక్కువ.

గాటు పెట్టగానే బంక ఊరడం మొదలవుతుంది. మొదటి రోజునే ఎక్కువ భాగం వచ్చి, తరువాత కొద్ది రోజులపాటు కొంచెం కొంచెంగా కారుతుంది. ఎక్కువ వస్తుందన్న ఆశతో గొడ్డలితో లోతుగా నరికితే గాయం మానదు, చెట్టు చచ్చిపోతుంది. బెరడు మేరకే పైపైన చెక్కితే అదే చెట్టు మళ్ళీ పనికివస్తుంది. నేల మీద పడనీయకుండా తీసిన గడ్డకు ఇసుక అంటదు.

నిల్వలోనూ నష్టమున్నది. బంక పాతబడితే పుల్లని వాసన వేస్తుంది. అందులోని ఎసిటిక్ ఆమ్లం విడిపోవడమే ఇందుకు కారణం. దానితోపాటు చిక్కదనం పడిపోతుంది. వేడికి, తేమకు ఈ నష్టం ఎక్కువ. గడ్డకంటే పొడికి మరింత త్వరగా జరుగుతుంది.

ఏజెన్సీ ప్రాంతంలో అటవీ ఫలసాయం వ్యాపారాన్ని 1979 నాటి నిబంధన అదుపులోకి తెచ్చి, ప్రైవేటు వర్తకుల స్థానంలో గిరిజన సహకార సంస్థ కొనుగోలుకు దారి వేసింది. 2013-14లో కేంద్రం తెచ్చిన కనీస మద్దతు ధర పథకంలో ఈ బంకకూ చోటు దక్కింది. అయినా తూకం దగ్గర తేలేది రకమే. మంచి గడ్డను, మట్టి అంటిన గడ్డను ఒకే సంచిలో పోస్తే, ఎండలో పడిన శ్రమంతా దిగువ రకం ధరకే పోతుంది. ఏరి, ఆరబెట్టి, వేర్వేరు సంచులలో తెచ్చినవానికే ఆ తేడా దక్కుతుంది.